బోరు అప్పు కోసం బెంగళూరు దాకా

మా వైపు ఎవరైనా బెంగళూరు పోయి వస్తే అందరూ అడిగే మాట ఒకటే, ఏమి తెచ్చావని. నేను ఏమీ తేలేదు. పైగా చేతికి అందినదాన్ని వదిలేసి వచ్చానని మా సంఘంలో సగం మంది నాతో మాట్లాడడం మానేశారు, మిగిలిన సగం మంది మరీ ఎక్కువగా మాట్లాడుతున్నారు. ఎదురుపడిన ప్రతివాళ్ళకూ మొదటినుంచీ చెప్పే ఓపిక నాకు లేదు. ఓపిక నాకు ఎప్పుడూ తక్కువే. కూర్చున్న చోట కూర్చోలేనని మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాడు. అందుకని ఆ ప్రయాణమంతా ఒకసారి రాసి పెడుతున్నాను.

మాది కుప్పం పక్కన ఒక పల్లె. ఒకవైపు కన్నడం, ఇంకోవైపు అరవం, మధ్యలో మేము. మా కూరగాయల రైతుల సంఘానికి నేను అధ్యక్షురాలిని. కొన్నేళ్ళుగా బెంగళూరు కంపెనీ ఒకదానికి చిట్టి దోసకాయలు పండిస్తున్నాం. వేలంత ఉండగానే కోయాలి. ఒక పూట ఆలస్యమైతే లావెక్కిపోతాయి, ఇక కంపెనీ లారీ వాటిని ముట్టదు. వాళ్ళు ఆ కాయల్ని పుల్లనీళ్ళలో ఊరేసి, సీసాల్లో పెట్టి ఓడ ఎక్కిస్తారు. మా ఊళ్ళో ఒక్కరు కూడా ఆ కాయ తినరు. డబ్బు మాత్రం బాగానే వచ్చింది, కాదనను. మా ఇంటి మీది కప్పు దాని పుణ్యమే.

ఆ కాయకు నీళ్ళు ఎక్కువ కావాలి. మా బోర్లు ఒకటొకటే ఎండిపోతున్నాయి. అప్పుడు కంపెనీ ఒక పెద్ద మాట చెప్పింది, కొత్త బోర్లకు అప్పు ఇప్పిస్తాం, సాగు రెట్టింపు చేయండి అని. సంఘం ఒక్క గొంతుతో సరేనంది. నేను బెంగళూరు పోయి, చూడవలసింది చూసి, కాగితం మీద సంతకం చేసి రావాలి. గుర్తుపెట్టిన బోరు చోట్లలో ఒకటి ఊరి తాగునీటి బోరుకు మరీ దగ్గరని నాకు తెలుసు. ఇంకొకటి మునిరత్నం చేలో. మునిరత్నం, గౌరమ్మ మా పక్కింటివాళ్ళు. ఉన్న బోరు ఎండిపోతే బెంగళూరు చివర హూడిలో మేడలు కట్టే పనికి పోయారు. కొత్త బోరు పడితే వచ్చేస్తామని కబురు మీద కబురు పంపుతున్నారు. రైలెక్కేటప్పుడు నా మనసులో ఉన్నది తాగునీళ్ళు కాదు, వాళ్ళ చేనే.

రైల్లో

పొద్దున పాసింజరు. డిసెంబరు చలి, కిటికీ తలుపు ఎత్తితే దిగదు, దించితే లేవదు. ఒళ్ళో రెండు సంచులు. ఒకదానిలో కాటన్‌పేటలో నేను దిగబోయే ఇంటికి కానుకగా చిట్టి దోసకాయలు, కంపెనీకి వేసే వాటిలోంచి ఏరి తీసినవి. రెండోదానిలో గౌరమ్మకు అనపకాయలు. అవి వాళ్ళ చేనివే. బీడు పెట్టడమెందుకని మా ఆయన వానకు అందులో రాగి చల్లి, మధ్య మధ్య అనప సాళ్ళు వేశాడు. ఎవరూ నీళ్ళు పెట్టలేదు. మంచుకే కాశాయి.

మాలూరు దాకా దారి పొడుగునా చెరువులే. కొన్నిట్లో తుమ్మచెట్లు, ఒకదానిలో ఇటుకబట్టీ, ఇంకొకదానిలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. మా నాయన కాలంలో మా చెరువుకు ఒక పద్ధతి ఉండేది. చెరువు నిండిన ఏడు ఎవరి మడి వాళ్ళు నాటుకునేవాళ్ళు. సగమే నిండితే పెద్దలు కట్ట మీద కూర్చుని, తూముకు దగ్గరగా ఉన్న మళ్ళు మాత్రమే సాగు చేయమని చెప్పేవాళ్ళు. దూరపు మళ్ళవాళ్ళకు కూడా ఆ దగ్గరి మళ్ళలో తలా ఒక చెక్క ఇచ్చేవాళ్ళు. మడి ఎవరిదైనా సరే, ఆ ఏటికి అది అందరిదీ. దాన్ని తూము కింద మడి అనేవాళ్ళు. మా మడిలో ఎవరో వచ్చి నాట్లేస్తుంటే చిన్నప్పుడు నాకు ఒళ్ళు మండేది. బోర్లు వచ్చాక ఆ బాధ పోయింది. ఎవరి నీళ్ళు వాళ్ళవి, చెరువు వైపు చూసేవాళ్ళే లేరు.

కాటన్‌పేట

రంగయ్య శెట్టిగారు మా నాయనకు స్నేహితుడు. ఆయన తాతల నాటినుంచీ కాటన్‌పేటలో పప్పుల టోకు వ్యాపారం. కింద అంగడి, పైన ఇల్లు. ఆ వీధిలో మనిషి పక్కకు తిరగాలన్నా ముందు చేతిబండివాడిని అడగాలి. శెట్టిగారి తెలుగు మా తెలుగే, కాకపోతే మూడు మాటలకు ఒకటి కన్నడం.

కానుక సంచి ఆయన భార్య సుశీలమ్మ చేతిలో పెట్టాను. అంత ముద్దుగా ఉన్న కాయలు ఆమె ఎప్పుడూ చూడలేదట. ఎంతో ఇష్టంగా పులుసు పెట్టింది. అందరం కూర్చున్నాం. మొదటి ముద్దకే నాకు నోరు ఆగిపోయింది. కాయ ఉడికి తోలుగా మారింది, రుచి లేదు, పులుసు అంటుకోలేదు. శెట్టిగారు మర్యాదగా రెండు ముద్దలు తిని, మూడోది పక్కన పెట్టి నావైపు చూశారు.

"ఏమమ్మా, ఇన్నేండ్లుగా పండిస్తా ఉండారు కదా. ఒక దినమన్నా ఇంట్లో వండలేదా?"

లేదన్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. సుశీలమ్మ ఆయన్ని కసిరింది గానీ ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఇంత నీళ్ళు పోసి, ఇంత మందు కొట్టి, నేను నోట్లో పెట్టుకోలేనిదాన్ని పండిస్తున్నానని ఆ పళ్ళెం ముందు కూర్చునేదాకా తోచలేదు.

సుశీలమ్మ ఆ గిన్నె తీసేసి పితికిపప్పు కూర వడ్డించింది. అనపగింజల్ని నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ళతో పితికి తోలు తీసి వండుతారు. బెంగళూరులో ఆ నెలంతా ఇదే పిచ్చి. వీధిలో గోనెల కొద్దీ అవరెకాయ అంటూ అమ్ముతున్నారు. మనం అనప అంటాం, అంతే తేడా. ఉప్మాలో అదే, దోసెలో అదే, వేయించి కారం జల్లి పొట్లాలు కట్టేది కూడా అదే. మా చేని గట్టున ఎవరూ పట్టించుకోకుండా కాసేదానికి ఇక్కడ జనం తోసుకుంటున్నారు. ఎండిన పప్పు ఎంత తెచ్చినా తాను తీసుకుంటానని శెట్టిగారు చెప్పారు. మీ ఊళ్ళో ఆరబెట్టే కళ్ళం లేదు, దాచే కొట్టు లేదు, పచ్చికాయ తెచ్చి వచ్చిన ధరకు పారేసి పోతారు అని కూడా అన్నారు.

సాయంత్రం కూర్చోలేక వీధిలో తిరిగాను. ఇక్కడి హోటళ్ళలో ఒక విచిత్రం ఉంది. ఇద్దరు వచ్చి ఒక్క కాఫీ చెప్పి, రెండు గ్లాసుల్లో పోయించుకుంటారు. బై టూ అంటారు. సూటు వేసుకున్నవాళ్ళు కూడా ఏ మొహమాటమూ లేకుండా అడుగుతారు. మా కుప్పంలో ఎవరైనా అలా చేస్తే ఏడాదిపాటు చెప్పుకుంటారు.

కాడుగోడి

మరునాడు కంపెనీ జీపు వచ్చింది. దానిలో అప్పుల వ్యవహారం చూసే ఒక కుర్ర ఆఫీసరు. గుంటూరు వైపు అబ్బాయి, మంచివాడే. అప్పు తీసుకుని పైకొచ్చిన రైతును మీకు చూపిస్తానండీ అని దారంతా ఊరిస్తూ వచ్చాడు. బెంగళూరు అంచున ఉన్న కాడుగోడి పల్లెటూరని విన్నాను. పల్లె ఉంది గానీ దాని చుట్టూ పునాదులు, ఇనుప కమ్మీలు, సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు. సందులో ఆవు నిలబడి ఉంటే దాని వెనక పది కార్లు హారన్ కొడుతున్నాయి.

పైకొచ్చిన రైతు పేరు పిళ్ళారెడ్డి. తాతల నాటినుంచీ అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. కొత్త ఇల్లు, వాకిట్లో నునుపైన రాతి అరుగు. నేను చేను చూద్దామన్నాను. చూపించడానికి చేను లేదు. తీగలు పాకించిన కట్టెలు ఎండి ఒరిగి ఉన్నాయి, సాళ్ళలో ఆముదం మొక్కలు మొలిచాయి. బోరు మాత్రం ఆగకుండా పోస్తోంది. దాని ముందు ట్యాంకరు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి.

"ఇప్పుడేమీ వేసిలేదమ్మా. కూలోళ్ళు దొరకరు. నీళ్ళు అమ్ముతా ఉండాను" అన్నాడు పిళ్ళారెడ్డి, దాచుకోకుండా.

కూరగాయలకని తీసుకున్న అప్పుతో వేసిన బోరు అది. నేను ఆఫీసరు వైపు తిరిగాను. ఆయన వాయిదా ఒక్కటి కూడా తప్పలేదండీ, మా రికార్డులో ఆయనే టాప్ అన్నాడు ఆ అబ్బాయి. అతని మొహంలో ఎక్కడా కల్మషం లేదు. అప్పు ఇచ్చారు, తిరిగి వచ్చింది, అతనికి అది చాలు. పిళ్ళారెడ్డిదీ తప్పనలేను. టమాటా బుట్టకు రానిది ట్యాంకరుకు వస్తుంటే ఎవరు కాదనుకుంటారు?

పక్క చేలవాళ్ళ సంగతి అడిగాను. వాళ్ళ బోర్లు ఎండిపోయాయట, భూములు ఇళ్ళ సైట్లకు అమ్ముకుని పోయారట. వాళ్ళవి ఎండాకే తన నీళ్ళకు ధర పెరిగిందని కూడా చెప్పాడు. ఎండ ఎక్కింది, దాహమేసి మంచినీళ్ళు అడిగాను. వాళ్ళావిడ ప్లాస్టిక్ క్యానులోంచి వంచి ఇచ్చింది. అంగట్లో కొన్నవి. సొంత బోరు నీళ్ళు ఉప్పగా మారాయని, అన్నం కూడా ఉడకడం లేదని చెప్పింది. బోరు పక్కన నిలబడి కొన్న నీళ్ళు తాగాను. మా ఊరి తాగునీటి బోరు దగ్గర వరసగా పెట్టిన బిందెలు కళ్ళముందు మెదిలాయి. ఇక అక్కడ నిలబడలేకపోయాను.

హూడి

జీపులో తిరిగి పోదామని ఆఫీసరు అంటే వద్దన్నాను. హూడి వైపు పోయే ట్యాంకరు డ్రైవర్ని అడిగి ముందు ఎక్కి కూర్చున్నాను. ప్రతి గుంతకూ వెనక నీళ్ళు ఎగిసి, కిటికీలోంచి నా భుజం మీద పడ్డాయి. అనపకాయల సంచి తడిసి ముద్దయింది. మంచుకు కాసినదానికి చివరికి ఇలా నీళ్ళు పెట్టాను.

డ్రైవరు హూడిలో గౌరమ్మావాళ్ళు పనిచేసే చోటు గేటు దగ్గర దింపాడు. ఎనిమిది అంతస్తుల కట్టడం, దాని వెనక రేకుల గుడిసెలు. గౌరమ్మ అక్కడ బిందెలతో ట్యాంకరు కోసం ఎదురుచూస్తోంది. నేనొచ్చిన ట్యాంకరు కాదు, అలాంటిదే ఇంకొకటి. నన్ను చూసి బిందె వదిలేసి వచ్చింది. సిమెంటుకు ఆమె అరచేతులు పగిలి ఉన్నాయి. ఆ చేతులతోనే కాయలు ఒలిచింది, ఒలుస్తూ వాసన చూసింది. ఇవి మన చేనివా వదినా అని మూడుసార్లు అడిగింది.

మునిరత్నం పని దిగి వచ్చాక సంగటి, అనపగింజల పులుసు తిన్నాం. మా చేతి సంగటికీ ఆ సంగటికీ తేడా ఉంది. అక్కడ రాగిపిండి కొన్నది, నీళ్ళు కొన్నవి, కట్టెలు మాత్రం కట్టడంలో మిగిలిన చెక్కపేళ్ళు. మునిరత్నం బోరు గురించే మాట్లాడాడు. ఎన్ని అడుగులు వేస్తారు, మోటారు ఏది, ముందు ఏ చెక్కకు నీళ్ళు పారించాలి. నెలాఖరుకు పని మానేస్తామని మేస్త్రీకి అప్పుడే చెప్పేశారట. ఆ మాట విన్నాక కాడుగోడి సంగతి చెప్పలేదు. రేపు సంతకమే కదా వదినా అని గౌరమ్మ అంటే, ఊఁ అన్నాను. అలా అన్నందుకు తిరిగి కాటన్‌పేట చేరేదాకా నన్ను నేను తిట్టుకున్నాను.

ఆఫీసు

కంపెనీ ఆఫీసులో అద్దాల బీరువా నిండా సీసాలు. వాటిలో మా దోసకాయలు, వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకటి తినిపించమన్నాను. ఆఫీసరు అబ్బాయి సంతోషంగా మూత తీసి ఇచ్చాడు. పులుపు, తీపి, ఏదో ఆకు వాసన. మింగేశాను, ఉమ్మడానికి అక్కడ చోటు లేదు.

కాగితాలు బల్ల మీద పెట్టాడు. నేను పెన్ను తీసుకుని, తాగునీటి బోరు దగ్గర చోటు కొట్టేయమన్నాను. లోపలికి పోయి అడిగి వచ్చాడు. కుదరదు, స్కీము మొత్తం ఒకటే, తీసుకుంటే అన్నీ తీసుకోవాలి. నీళ్ళు ఎన్నాళ్ళు వస్తాయో చూశారా అని అడిగాను. బోరు పడ్డ రోజు చూస్తారట. ఆ తర్వాత చూడరు. అప్పు ఐదేళ్ళకు.

"ఐదేళ్ళలో నీళ్ళు అయిపోతే?" అన్నాను.

అతను కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, దానికి అతన్ని మెచ్చుకోవాలి. "అప్పటికి అప్పు తీరిపోతుంది కదండీ" అన్నాడు.

బోర్లు వద్దు, అనపకు అప్పు ఇస్తారా అని అడిగాను. కళ్ళం, కొట్టు కట్టుకుంటాం, ఎండు పప్పు కొనేవాళ్ళు ఉన్నారు అని చెప్పాను. అతనికి నవ్వొచ్చింది, కానీ ఆపుకున్నాడు. ఆ పంటకు ఖర్చే లేదు కదండీ, ఎకరాకు ఇంత ఖర్చని లెక్క ఉంటేనే అప్పు వస్తుందన్నాడు. ఎంత ఎక్కువ తోడితే అంత అప్పు, ఏమీ తోడకపోతే ఏమీ లేదు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. ఆ అబ్బాయికి ఇరవై ఆరేళ్ళు కూడా ఉండవు. టీ తాగి పొమ్మని బతిమాలాడు. పెన్ను బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాను.

మళ్ళీ హూడి

కబురు చెప్పకుండా రైలెక్కి పోవచ్చు. కాళ్ళు స్టేషను వైపే లాగాయి. అయినా బస్సు మారి హూడికే పోయాను. ఇద్దరూ పనిలో ఉన్నారు, కట్టడం కింద ఇసుక గుట్ట పక్కన నిలబెట్టి చెప్పాను. కాడుగోడి బోరు, క్యాను నీళ్ళు, తాగునీటి బోరు పక్కన చోటు, ఐదేళ్ళ మాట, అన్నీ చెప్పాను. మునిరత్నం తల దించుకుని ఇసుకను కాలితో కెలుకుతున్నాడు. గౌరమ్మ మాత్రం నా మొహంలోకే చూసింది.

"నీ బోరు ఆడుతా ఉండాది కాబట్టి నువ్వు వద్దంటావు వదినా. మాది ఎండిపోయింది. ఇంక మమ్మల్ని ఈడ్నే ఉండమంటావు, అంతేనా?"

నిజమే కదా. రాత్రి మంచం మీద దొర్లుతూ ఎన్నో అనుకున్నాను గానీ ఈ మాట ఒక్కటి నాకు తట్టలేదు. నా బోరు ఆడుతోంది కాబట్టే నేను మంచిదాన్నయ్యాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ముందు అనుకున్నది కాదు.

"నా బోరు నీళ్ళు ఒక దినం మీకు, ఒక దినం నాకు. కొత్త బోరు వేసేది లేదు. చిట్టి దోస వేసేది లేదు. నీళ్ళకు సరిపోయినంత కూరగాయలు, మిగతా చేను వానకు రాగి, అనప. తూము కింద మడి అనుకోండి."

మీ ఆయన ఒప్పుకుంటాడా అని అడిగాడు మునిరత్నం. ఒప్పుకోవల్ల, తప్పదు అన్నాను. నాకే నమ్మకం లేదు. పైనుంచి మేస్త్రీ కేక వేశాడు, ఇద్దరూ పనిలోకి పోయారు. కాడుగోడి స్టేషనులో రైలు కోసం నిలబడి అరటిపండ్లు కొన్నాను, తొందరలో చిల్లర మరిచి రైలెక్కేశాను.

ఇంటికొచ్చాక

మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కాలువ తవ్వడానికి పార తీసుకుని మునిరత్నం చేని వైపు పోయాడు. దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను. సంఘం సమావేశంలో మాత్రం గొడవ జరిగింది. అధ్యక్షురాలివైనంత మాత్రాన నీళ్ళు నీవా, అందరివా అని ఒకాయన అడిగాడు. అందరివే, అందుకే సంతకం చేయలేదన్నాను. కళ్ళం తామే కడతామని నలుగురు ముందుకొచ్చారు. తాగునీటి బోరు దగ్గర చోటు వదిలేద్దామని అందరూ ఒప్పుకున్నారు, అదొక్కటే నాకు నిద్రపట్టించిన సంగతి. కానీ ఇద్దరు సంఘం వదిలేసి, తామే బెంగళూరు పోయి, సంఘం స్కీముతో పని లేకుండా సొంత పేర్ల మీద సంతకాలు పెట్టి వచ్చారు. వాళ్ళలో ఒకరి చేను నా చేనికి ఆనుకుని ఉంది.

నెలాఖరుకు గౌరమ్మావాళ్ళు వచ్చేశారు. మేకులు కొట్టిన పెట్టె ఒకటి, బిందెలు రెండు, అంతే సామాను. వంగ, మిరప నారు పోశారు. ఒక దినం వాళ్ళకు, ఒక దినం మాకు, ఇప్పటిదాకా మాట తప్పలేదు.

ఇది రాస్తుంటే ఆ పక్క చేలో బోరు తవ్వే లారీ మోత పొద్దుటినుంచీ ఆగలేదు. రాతి పొడి మా వాకిట్లోకి తెల్లగా వచ్చి పడుతోంది. ఎంత లోతుకు పోయారో పోయి అడగాలని ఉంది, అడగాలంటే భయంగానూ ఉంది. రేపు నీళ్ళ వంతు గౌరమ్మది. కరెంటు రాగానే ఆమె మోటారు దగ్గరికి వస్తుంది. ఆమెకంటే ముందు నేనే పోయి మోటారు వేసి చూడాలి. గొట్టంలోంచి నీళ్ళు వచ్చేదాకా నేను కూర్చోలేను.